రామప్పకి పొద్దున్నే వెళ్లండి, కోటగుళ్లు మాత్రం వదలొద్దు

మొన్న చలికాలంలో అమ్మని, తమ్ముడిని తీసుకుని రామప్ప వెళ్లొచ్చాం. మొదటి రాత్రి హన్మకొండలో ఒక హోటల్లో దిగాం, పేరు చెప్పను గానీ ఆన్‌లైన్‌లో చూపించిన రూమ్ ఒకటి, మాకిచ్చింది ఇంకోటి, గీజర్ పనిచేయట్లేదంటే ఒక బకెట్ వేడినీళ్లు పంపించి అయిపోయిందనుకున్నారు. సరే ఒక్క రాత్రే కదా అని ఊరుకున్నాం.

పొద్దున వేయిస్తంభాల గుడి చూసుకుని బయల్దేరేసరికే లేటయింది, 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ గర్భగుళ్లున్నాయి, కానీ చుట్టూ ఊరు పెరిగిపోయి ట్రాఫిక్ హారన్లు వినిపిస్తూనే ఉంటాయి. అక్కణ్నుంచి ములుగు మీదుగా రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చలికాలమే అయినా రాళ్లు కాలుతున్నాయి, చెప్పులు బయటే కదా, అమ్మ రెండు నిమిషాల్లో నీడకి పరిగెత్తింది. పైగా స్కూలు పిల్లల బస్సులు రెండు. నిజం చెప్పాలంటే ఆ రోజు మేం గుడి చూడలేదు, జనాన్ని చూశాం.

ఆ రాత్రి చెరువు దగ్గర టూరిజం వాళ్ల కాటేజీలో ఉన్నాం. తిండికి పెద్దగా ఛాయిస్ ఉండదు, ఏది ఉంటే అది తినాలి, కానీ కిటికీ తీస్తే రామప్ప చెరువు, అదీ కాకతీయుల కాలందే. అసలు లాభం మర్నాడు తెలిసింది. గుడి తూర్పుముఖం, పొద్దున్నే వెళ్తే ఎండ నేరుగా ముందు భాగం మీద పడుతుంది, ఎర్ర ఇసుకరాయి గోడలు వేరే రంగులోకి మారిపోతాయి, వాటి మధ్య చూరు కింద ఆ నల్లరాతి మదనికలు, అంటే నాట్యం చేసే ఆడవాళ్ల శిల్పాలు, అప్పుడు చూడాలి. ఒకామె కాళ్లకి హీల్స్ లాంటి చెప్పులున్నాయి, ఎనిమిది వందల ఏళ్ల కిందటివి! తమ్ముడు నమ్మక ఫోన్లో జూమ్ చేసి మరీ చూశాడు. మంటపం లోపల స్తంభాల మీద నాట్యభంగిమలు ఒక్కోటి ఆగి చూడాల్సినవే, నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు కాకతీయుల కాలంనాటి పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఈ శిల్పాలనీ జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళినీ పట్టుకున్నారంటే ఊరికే కాదు.

ఇక్కడ గైడ్‌ని పెట్టుకోండి, దండగ కాదు. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని శాసనం చెప్తుంది, జనం మాత్రం రాజుని, సేనానిని వదిలేసి శిల్పి రామప్ప పేరుతోనే పిలుస్తున్నారు, నాకైతే అదే న్యాయంగా అనిపించింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, పైన బరువు తగ్గించడానికి. పునాదిలో ఇసుక నింపి దాని మీద లేపారట, కింద నేల కదిలినా ఆ ఇసుక కుదుపుని మింగేస్తుందన్నమాట. 2021 జులైలో యునెస్కో లిస్టులోకి ఎక్కించినప్పుడు ఈ రెండిటినీ ప్రత్యేకంగా చెప్పారు. ఒక చెక్కడాన్ని తడితే స్వరాలు పలుకుతాయంటారు, దయచేసి మీరు మాత్రం తట్టకండి, వచ్చినవాళ్లందరూ తడితే ఇంకేం మిగులుతుంది.

తిరుగు దారిలో లక్నవరం చెరువుకి పోదామని తమ్ముడి గోల, వేలాడే వంతెన మీద ఫొటోలు కావాలట. నేనే పట్టుబట్టి ఓ పది కిలోమీటర్లలో ఉన్న గణపురం కోటగుళ్లకి తీసుకెళ్లా. గణపేశ్వరాలయం, చుట్టూ చిన్న గుళ్లు, సగం కూలిపోయినవే, బోర్డులు తక్కువ, తాగడానికి నీళ్లు మీరే తీసుకెళ్లాలి. కానీ రామప్పలో నున్నగా అతికి కనిపించే గోడ ఇక్కడ విడిపోయి ఉంటుంది, లోపల రాయి ఎలా కూర్చోబెట్టారో, ఏ దూలం దేని మీద ఆనిందో కళ్లకి కనిపిస్తుంది. ఏనుగు మీద సింహం ఉన్న గజకేసరి శిల్పాలు రామప్పవాటికి ఏమాత్రం తీసిపోవు. మేమున్న గంటన్నరలో ఇంకెవ్వరూ రాలేదు. తమ్ముడు ఫొటోలన్నీ అక్కడే తీసుకున్నాడు, లక్నవరం ఊసే ఎత్తలేదు.

బండి మాట్లాడుకునేటప్పుడే కోటగుళ్లు కూడా కలిపి మాట్లాడుకోండి, పాలంపేటకి వచ్చాక అడిగితే రేటు మారిపోతుంది.