జపాన్ పిల్లలతో ఒక వారం: ఏజెన్సీ ప్యాకేజీకి అంత డబ్బు పెట్టొచ్చా?

మా స్కూలు ఉప్పల్ వైపు. 2024 ఆగస్టు 11, ఆదివారం రాత్రి జపాన్‌లోని షిజుఒకా నుంచి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు వచ్చి 18న తిరిగి వెళ్లారు. ఏర్పాట్లన్నీ హైదరాబాద్‌లోని ఒక ఎక్స్ఛేంజ్ ఏజెన్సీకి అప్పగించాం. తలకు 14,000 రూపాయలు. ఏజెన్సీ పేరు రాయడం లేదు. మిగతా స్కూళ్ల టీచర్లతో మాట్లాడాక, ఇలాంటి ప్యాకేజీలు అమ్మేవాళ్లంతా కొంచెం అటూ ఇటూగా ఇదే సరుకు అమ్ముతున్నారని అర్థమైంది. కాబట్టి పేరు కన్నా సరుకు గురించి చెబితేనే మీకు పనికొస్తుంది.

నేను తెలుగు టీచర్ని. జపాన్ పిల్లలకు తెలుగు టీచర్ కోఆర్డినేటర్ ఏమిటని అడక్కండి. ఇంగ్లిష్ మేడమ్ ప్రసూతి సెలవులో ఉంది, సోషల్ సార్ పదో తరగతి స్పెషల్ క్లాసుల్లో మునిగి ఉన్నారు. ప్రిన్సిపల్ గారు స్టాఫ్‌రూమ్ అంతా కలయజూసి నా దగ్గర ఆగారు.

ముందు మంచి చెబుతాను, అది నిజంగా మంచి కాబట్టి. కాగితాల పనిలో వీళ్లకు వంక పెట్టడానికి లేదు. అప్పటి రూలు ప్రకారం విదేశీయులు ఎవరి ఇంట్లో దిగినా 24 గంటల్లోపు ఆ ఇంటివాళ్లు విదేశీయుల నమోదు కార్యాలయానికి (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) ఆన్‌లైన్‌లో ఫారం సి అనే సమాచార పత్రం పంపాల్సి ఉండేది. హోటళ్లకే కాదు, మామూలు ఇళ్లకూ ఇదే రూలు. ఈ పిల్లల్ని ఇళ్లలో ఉంచుకున్న మా హోస్ట్ తల్లిదండ్రుల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఏజెన్సీ అమ్మాయి రెండు వారాల ముందే అందరినీ కూర్చోబెట్టి లాగిన్లు చేయించింది, పాస్‌పోర్టు కాపీలు ముందే తెప్పించి పెట్టింది. అర్ధరాత్రి దాటి పిల్లలు ఇళ్లు చేరితే, మర్నాడు మధ్యాహ్నానికల్లా అన్ని ఫారాలూ వెళ్లిపోయాయి. జపాన్ వాళ్లకు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో దిగాక కూడా వీసా ఇస్తారు. అయినా పన్నెండు మంది పిల్లలు ఆ వేళలో కౌంటర్ దగ్గర నిలబడటం ఎందుకని ముందే ఈ-వీసా తీయించమన్నారు. బ్యాంకాక్ మీదుగా వచ్చి అలసిపోయిన పిల్లల్ని చూశాక ఆ సలహా విలువ తెలిసింది.

డాక్టర్ విషయంలో కూడా అంతే. మూడో రాత్రి ఒక అబ్బాయికి కడుపు పాడైంది. పదకొండింటికి ఫోన్ చేస్తే గంటలోపు డాక్టర్ ఇంటికే వచ్చి, మందు రాసి, ఆ హోస్ట్ తల్లికి ధైర్యం చెప్పి వెళ్లారు. పొద్దున ఏజెన్సీ వాళ్లు మళ్లీ ఫోన్ చేసి కనుక్కున్నారు. ఆవిడ అప్పటిదాకా పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఇక సిమ్ కార్డులు. ఎయిర్‌పోర్టులోనే చేతిలో పెడతామన్నారు. పెట్టారు కూడా. పనిచేయడం మొదలైంది మాత్రం బుధవారం. వేరే వారమైతే నేను దీన్ని పట్టించుకునేదాన్ని కాదు, పిల్లలు ఫోన్లు వదిలారని సంతోషించేదాన్ని. కానీ ఆగస్టు 8న జపాన్‌లో మియాజాకి తీరం దగ్గర 7.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. జపాన్ దక్షిణ తీరం వెంబడి సముద్రం అడుగున ఉన్న భూకంప ప్రాంతం నన్‌కాయ్ ట్రఫ్‌లో ఇంకా పెద్దది వచ్చే అవకాశం మామూలు కన్నా పెరిగిందని జపాన్ వాతావరణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. అలాంటి హెచ్చరిక ఇవ్వడం అదే మొదటిసారి. షిజుఒకా ఆ పరిధిలోనే ఉంది. ఇళ్లు, అమ్మానాన్నలు అక్కడ, పిల్లలు ఇక్కడ. ఇళ్లలో వైఫై ఉంది కాబట్టి సరిపోయింది గానీ, బస్సెక్కితే ఇద్దరు టీచర్ల రోమింగ్ ఫోన్లే దిక్కు. పిల్లలు వంతులవారీగా ముందు సీటు దగ్గరికొచ్చి ఆ ఫోన్ చూసి వెళ్తుంటే, ఏజెన్సీ గైడు మైకులో నిజాం నవాబుల వజ్రాల గురించి చెబుతున్నాడు. సిమ్ ఎప్పుడని అడిగితే, “ప్రాసెస్‌లో ఉంది మేడమ్” అన్నారు. రెండోసారీ అదే మాట. మూడోసారి నేను అడగలేదు. ప్రిన్సిపల్ గారి చేత అడిగించాను, సాయంత్రానికి సిమ్‌లు పలికాయి.

అన్నిటికన్నా పెద్ద లోపం టైమ్‌టేబుల్. ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టి రాత్రి తొమ్మిదిన్నర దాకా గళ్లు నింపేశారు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. మన రాత్రి ఎనిమిదింటికి వాళ్ల ఒంట్లో పదకొండున్నర. పొద్దున నాలుగింటికే లేచి, ఇంట్లోవాళ్ల నిద్ర చెడకుండా మంచం మీద బుద్ధిగా కూర్చుంటున్నారని హోస్ట్ తల్లులు చెప్పారు. అలాంటి పిల్లల్ని మంగళవారం గోల్కొండ మెట్లన్నీ ఎక్కించి, దించి, అక్కడే సౌండ్ అండ్ లైట్ షోకి కూర్చోబెట్టారు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిసార్‌లో వినిపించడం వాళ్లకు బాగా నచ్చింది. పైనొకరు కిందొకరు నిలబడి చాలాసేపు ఆడుకున్నారు. రామదాసు చెరసాల దగ్గర నేను కూడా నా వంతు చెప్పుకున్నాను. మా తొమ్మిదో తరగతి పాప దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి, “గుడికట్టడానికి గవర్నమెంట్ డబ్బు వాడేశాడు, జైల్లో పెట్టారు” అని రెండు ముక్కల్లో తేల్చేసింది. షో మొదలయ్యేసరికి మాత్రం పన్నెండు మందిలో తొమ్మిది మంది కుర్చీల్లోనే నిద్రపోయారు. దోమలు కుడుతున్నా లేవలేదు. బుధవారం రాత్రి ‘కల్చరల్ నైట్’ని నేనే పట్టుబట్టి సాయంత్రం నాలుగింటికి మార్పించాను. ఏజెన్సీవాళ్లు దాని పేరు మాత్రం మార్చలేదు. నాలుగింటి ఎండలోనే నైట్ జరిగింది.

టికెట్ల సంగతి కూడా చెప్పాలి. గోల్కొండ కోటకు మనకు 25, విదేశీయులకు 300. పదిహేనేళ్ల లోపు పిల్లలకైతే టికెట్ లేదు. వీళ్లంతా పదహారు, పదిహేడు వాళ్లు. ఆ మూడొందలు ప్యాకేజీలో కలిసి లేవని మాకు టికెట్ కౌంటర్ దగ్గర చెప్పారు. కొటేషన్ కింద చిన్న అక్షరాల్లో ఉందట.

శుక్రవారం సంగతి విడిగా చెప్పాలి. అది 16వ తేదీ, వరలక్ష్మీ వ్రతం. ఇద్దరు హోస్ట్ తల్లులు ముందే ఫోన్ చేశారు. “మేడమ్, ఇంట్లో పూజ ఉంది, అమ్మాయిని ఆ పూట ఉంచుకుంటాం. చీర కూడా తీసి పెట్టాను” అని. నేను ఏజెన్సీని అడిగితే, షెడ్యూల్ మారిస్తే ఇన్సూరెన్స్ ఒప్పుకోదన్నారు. సరే, షెడ్యూల్ ప్రకారం పదకొండింటికి సాలార్‌జంగ్ మ్యూజియం. నయాపూల్ ట్రాఫిక్ దాటి వెళ్లేసరికి గేటు మూసి ఉంది. సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ సంగతి తెలుసు, డబ్బు తీసుకుని ఊరు చూపించేవాళ్లకు తెలియలేదు. ముసుగులో రెబెక్కా శిల్పాన్ని చూపిస్తానని గైడు బస్సులో ఇరవై నిమిషాలు ఊరించాడు కూడా. బదులుగా లాడ్ బజార్‌కి తీసుకెళ్తానన్నాడు. నేను బస్సు వెనక్కి తిప్పించాను. ఇన్సూరెన్స్ ఏమీ అనలేదు.

మధ్యాహ్నానికి అమ్మాయిలు ఇళ్లు చేరారు. తర్వాత వాళ్లలో ఒకమ్మాయి దిగిన ఇంటి నానమ్మగారు స్కూలుకొచ్చి మరీ ఆ పిల్ల గురించి నాకు చెప్పారు. తోరం కట్టించుకుందట. తాంబూలం ఇస్తే ఎవరూ చెప్పకుండానే రెండు చేతులా అందుకుని వంగి దండం పెట్టిందట. “మా మనవరాలికి పదేళ్లుగా చెబుతున్నా, ఒంటి చేత్తోనే లాక్కుంటుంది” అన్నారు. నానబెట్టిన శనగలు మాత్రం నెమ్మదిగా ఒక్కొక్కటే తిని, చివరికి కొన్ని రుమాల్లో దాచుకుందట.

తిండి గురించి ఏజెన్సీ ఫారంలో ఉన్న ప్రశ్న ఒక్కటే: కారం తింటారా, అవునా కాదా? మర్యాదకు అందరూ అవునని టిక్కు పెట్టారు. ఆదివారం రాత్రి గోంగూర మటన్‌తో స్వాగతం చెప్పిన ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి. రెండో రోజు నుంచి తల్లులే వాట్సాప్‌లో మాట్లాడుకుని దారి కనిపెట్టారు. పప్పు, నెయ్యి, అన్నం బాగా వెళ్లింది. పెసరట్టు ఇంకా బాగా వెళ్లింది. పెరుగన్నం దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు.

ఏ షెడ్యూల్లోనూ లేని సంగతి ఒకటుంది. సోమవారం చివరి పీరియడ్ అయ్యాక ఆ పిల్లలు లేచి చీపుళ్లు ఎక్కడున్నాయని అడిగారు. వాళ్ల స్కూళ్లలో తరగతి గదులు పిల్లలే ఊడ్చుకుంటారు. మా ఆయమ్మ కంగారుపడి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. “వాళ్లెందుకు ఊడవడం టీచరమ్మా, నేనేం తప్పు చేశాను?” అని. కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. మంగళవారం మా పిల్లలు నలుగురు వాళ్లతో కలిశారు. గురువారానికి క్లాసంతా కలిసింది, అందులో సగం మంది ఫొటోల కోసమే అనుకోండి. ఏజెన్సీ ఫొటోగ్రాఫర్ దాన్ని తమ ‘యాక్టివిటీ’గా పేజీలో పెట్టుకున్నాడు.

ఆగస్టు 15 ఉదయం 8:30కి జెండా వందనం. కార్యక్రమం కాగితంలో ఆ వెంటనే జపాన్ విద్యార్థుల డాన్స్ అని ఉంది, సినిమా పాటకి. ముందురోజు వాళ్ల టీచరు నన్ను పక్కకు పిలిచి, చాలా మొహమాటపడుతూ అడిగారు. 1945లో జపాన్‌కు యుద్ధం ముగిసింది కూడా ఆగస్టు 15నే. ఏటా ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ ఒక నిమిషం మౌనం పాటిస్తారు. మన గడియారంలో అది సరిగ్గా 8:30. ప్రిన్సిపల్ గారు మారు మాట్లాడకుండా జెండా వందనాన్ని పది నిమిషాలు ఆలస్యంగా పెట్టారు. డాన్స్‌ని శనివారానికి మార్చమని నేను ఏజెన్సీకి చెప్పాను. డ్రెస్సుల అద్దె రెండు రోజులది పడుతుందన్నారు. కట్టాం. ఆ మధ్యాహ్నమే, మన ఒకటిన్నర ప్రాంతంలో, జపాన్ ప్రభుత్వం భూకంప హెచ్చరికను ఎత్తేసింది. సిమ్‌లు అప్పటికి పనిచేస్తున్నాయి కాబట్టి లంచ్ బల్ల దగ్గర పన్నెండు ఫోన్లకూ ఒకేసారి కబురు అందింది. ఆ పూట వాళ్లు తిన్నంత తిండి వారం మొత్తంలో ఎప్పుడూ తినలేదు.

శనివారం కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌కి తీసుకెళ్లారు. ఇది ఏజెన్సీ ఆలోచనే, మంచి ఆలోచన. ఆ క్యాంపస్ కట్టడంలో జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా రుణసాయం ఉంది. మన పిల్లలకు చదువు మీద, వాళ్లకు తమ దేశం చేసిన పని మీద ఆసక్తి, కాబట్టి మాటలు వాటంతటవే దొరికాయి.

ఐదుకి మూడు ఇస్తాను. కాగితాలకు, డాక్టర్‌కు, ఎయిర్‌పోర్టు బస్సుకు పూర్తి మార్కులు. కార్యక్రమం వేయడంలో మాత్రం వీళ్లు టూరిస్టు బస్సు నడిపేవాళ్లే. పిల్లలు ఇళ్లలో ఉండటానికి వచ్చారన్న సంగతి ఆ గళ్లలో ఎక్కడా కనపడదు. మీ స్కూలు పిలిపించుకోవాలనుకుంటే సాయంత్రం ఐదు తర్వాత ఏ గడినీ నింపనివ్వకండి. పండగలుంటే పంచాంగం చూసి మీరే చెప్పండి. తిండి ఫారం మీరే రాసుకోండి. మ్యూజియంలకు ముందు రోజు ఫోన్ చేయండి.

ప్యాకేజీని విడగొట్టి ఇస్తారన్న సంగతి మాకు ఆఖరి రోజు తెలిసింది, అదీ బస్సు డ్రైవర్ చెబితే. ఈసారి ఫారం సి, డాక్టర్, ఎయిర్‌పోర్టు బస్సు, ఈ మూడింటికే కొటేషన్ అడిగాను. తలకు 14,000 కాస్తా 5,500కి దిగింది. అందులో ఒక్క మ్యూజియం కూడా లేదు. అయినా కింద చిన్న అక్షరాల్లో, ప్రవేశ రుసుములు అదనం అని మాత్రం ఉంది.