పేరుకు తగ్గవి: మట్టికుండ, జొన్నరొట్టె, గొంగడి

మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు నల్లగొండ వీధుల్లో తిరిగి ఇంటికి చేరిన మనిషి చెప్పులు విడిచీ విడవకముందే కుండ దగ్గరికి నడుస్తాడు. మా ఇంట్లో ఆ కుండ వరండా కిటికీ కింద, ఇసుక పోసిన ఇనుప స్టాండు మీద ఉంటుంది. ఫ్రిజ్ కూడా ఉంది, అందులో నీళ్ల సీసాలూ ఉన్నాయి. అయినా ఎండాకాలం మొత్తంలో వాటిని ముట్టుకునేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. కుండనీళ్ల గురించి, జొన్నరొట్టె గురించి, చేతితో నేసిన ఉన్ని గొంగడి గురించి ఈ పదేళ్లలో విన్నన్ని పొగడ్తలు అంతకుముందు వినలేదు. ఈ మూడింటినీ ఏళ్ల తరబడి వాడిన అనుభవంతో చెప్పగలిగింది ఇది: మూడూ వాటికి వచ్చిన పేరును నిలబెట్టుకుంటాయి, కాని ప్రతిదానికీ అసలు పేరుతో పాటు అమ్మేవాళ్లు అతికించిన పేరు కూడా ఒకటుంది. ఆ రెండింటినీ వేరుచేసి చూడకపోతే డబ్బు వృథా కావడమే కాకుండా, నీళ్ల విషయంలోనైతే ఆరోగ్యానికే ముప్పు వస్తుంది.

కుండ చేసే పని నీళ్లను చల్లబరచడం. కాల్చిన మట్టికి ఉండే సన్నటి రంధ్రాల గుండా నీరు కొద్దికొద్దిగా బయటి గోడకు చేరి ఆవిరవుతుంది, ఆ ఆవిరికి కావలసిన వేడిని లోపల మిగిలిన నీటి నుంచే లాక్కుంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. బయటి నుంచి వేడి లోపలికి రాదనుకుంటే, అది 50కి పైగా లీటర్ల నీటిని 10 డిగ్రీలు దించడానికి సరిపోతుంది. నిజానికి గోడల నుంచి, గాలి నుంచి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి అంత లాభం దక్కదు. ఎంత దక్కుతుందో చూద్దామని నిరుడు మే నెలలో వంటింటి థర్మామీటరు పెట్టి కొలిచాను: వరండాలో 40 డిగ్రీలు, ప్లాస్టిక్ డ్రమ్ములోని నీళ్లు 36, కుండలోని నీళ్లు 27. అదే కుండను జులైలో ముసురు పట్టిన రోజున కొలిస్తే బయటికీ లోపలికీ రెండు డిగ్రీల తేడా కూడా లేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట ఆరనట్టే కుండ చెమ్మ కూడా ఆరదు. కాబట్టి సముద్రతీరంలో ఉండే బంధువులు కుండనీళ్లు చల్లగా లేవంటే తప్పు కుండది కాదు. పాలమూరు, నల్లగొండల పొడి ఎండకే ఈ వస్తువు పుట్టిందనిపిస్తుంది.

కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూడాలి. ఖంగుమని మోగితే బాగా కాలినట్టు, మొద్దుగా పలికితే పగులు ఉన్నట్టో పచ్చిగా ఉన్నట్టో లెక్క. బయట నిగనిగలాడే రంగు వేసిన కుండలు కొన్నాళ్లుగా బజారులో ఎక్కువగా కనిపిస్తున్నాయి, చూడముచ్చటగానూ ఉంటాయి. కాని ఆ రంగు రంధ్రాలను మూసేస్తుంది, దానితో కుండ చెమర్చడం ఆగిపోతుంది, నీళ్లు చల్లబడవు. కొత్త కుండను ఒక పగలు, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, మొదటి రెండు మూడు నింపుళ్లు మొక్కలకు పోయాలి. తర్వాత లోపలి భాగాన్ని చేత్తో, మంచినీళ్లతో మాత్రమే కడగాలి. పెళ్లయిన కొత్తలో నేను గిన్నెలు తోమే సబ్బు పట్టుకొని కుండ దగ్గరికి వెళితే మా అత్తమ్మ చెయ్యి పట్టుకొని ఆపింది. "వద్దు బిడ్డా, సబ్బు పెడితే కుండ సచ్చిపోతది" అన్నది. మట్టి సబ్బును పీల్చుకొని చాలాకాలం నీళ్లలోకి వదులుతూనే ఉంటుందన్న సంగతి ఆమె ఆ ఒక్క మాటలో చెప్పింది. ఇక మా బోరు నీళ్లు ఉప్పటివి కాబట్టి, అవి పోసిన రోజుల్లో ఏడాది తిరిగేసరికి కుండ బయట తెల్లటి పొర కట్టేది, రంధ్రాలు పూడుకుపోయేవి. ఆ తర్వాత కుండ మార్చక తప్పేది కాదు. పాతదాన్ని కరివేపాకు మొక్కకు ఇచ్చేసేదాన్ని.

ఇప్పుడు అతికించిన పేరు సంగతి. కుండ నీళ్లను శుద్ధి చేస్తుందని, ఖనిజాలు చేరుస్తుందని, మా జిల్లాలోనైతే ఏకంగా ఫ్లోరైడును కూడా లాగేస్తుందని చెప్పి అమ్మేవాళ్లున్నారు. నాలుగేళ్ల కిందట ఒక వ్యాపారి దగ్గర మూలికలు కలిపిన మట్టితో చేసిందంటే నమ్మి, మామూలు కుండకు మూడింతల ధర పెట్టి ఒకటి తెచ్చాను. మా బోరు నీళ్లను అందులో పోయకముందు ఒక సీసా, రెండు రోజులు నిలవ ఉంచాక ఒక సీసా పరీక్షకు ఇచ్చాను. రెండింటిలోనూ ఫ్లోరైడు లీటరుకు 2.4 మిల్లీగ్రాములే వచ్చింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో అది 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడు వల్ల గారపట్టిన పళ్లతో, వంగిపోయిన కాళ్లతో, తిప్పలేని మెడలతో బతికిన మనుషులను చూస్తూ పెరిగిన ఊరివాళ్లకు ఇలాంటి అబద్ధం చెప్పి అమ్మడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నీళ్లను మరిగిస్తే ఫ్లోరైడు పోదు, పైగా నీరు తగ్గి గాఢత పెరుగుతుంది. రాగి బిందెలో పోసినా, గుడ్డతో వడగట్టినా, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినా పోదు. పోయేది ఆర్వో యంత్రంతో, ఫ్లోరైడును పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలతో, లేదా పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి కలియబెట్టి తేర్చి వడకట్టే పద్ధతితో. నాగపూరులోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించిన ఆ చివరి పద్ధతి ప్రపంచమంతటా మా ఊరి పేరుతోనే నల్లగొండ పద్ధతిగా చలామణి అవుతుంది. మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు రావడం మొదలయ్యాక మా ఇంట్లో తాగడానికి బోరు నీళ్లు పూర్తిగా మానేశాం. ఇప్పుడు కుండలో పోసేది ఆ నల్లా నీళ్లే. తాగదగిన నీళ్లను పోస్తే కుండ వాటిని చల్లగా ఇస్తుంది, తాగకూడని నీళ్లను పోస్తే వాటినీ చల్లగానే ఇస్తుంది. దానితో పాటు మూత, పొడుగు కాడ ఉన్న గరిటె కూడా కొనుక్కోవాలి, ఎందుకంటే చెంబు ముంచి చేతివేళ్లు నీళ్లలో పెట్టే ఇంట్లో కుండ ఎంత మంచిదైనా ఫలితం లేదు.

జొన్నరొట్టె మా అమ్మగారి వైపు నుంచి వచ్చిన అలవాటు. మక్తల్, నారాయణపేట దిక్కున రొట్టె లేని పూట ఒకప్పుడు ఉండేది కాదని, వరి అన్నం పండుగనాటి వంటకమని మా అమ్మ చెబుతుంది. తర్వాత చవక బియ్యం వచ్చి రొట్టెను వెనక్కి నెట్టింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్టణాల్లో అది మళ్లీ గౌరవం సంపాదించుకుంది. గౌరవం దక్కవలసిందే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, మరపట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే. మాంసకృత్తులు జొన్నల్లో 10 గ్రాములకు దగ్గరగా, బియ్యంలో 8 గ్రాములకు దగ్గరగా ఉంటాయి. ఈ తేడాను నేను కడుపుతో తెలుసుకున్నాను: రాత్రి ఏడున్నరకు రెండు రొట్టెలు తింటే పొద్దున దాకా ఆకలి గుర్తురాదు, అదే అన్నం తిన్న రాత్రి పదకొండుకు వంటింట్లో డబ్బాలు వెతుకుతాను. అయితే జొన్న తింటే షుగరు తగ్గిపోతుందని చెప్పి మందులు మానేసిన ఒక పెద్దాయన ఆసుపత్రి పాలవడం మా వీధిలోనే చూశాను. జొన్నల్లో కూడా మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. అది నిదానంగా అరుగుతుందన్నది మేలు, అరగకుండా పోతుందనుకోవడం పొరపాటు.

రొట్టె రుచి సగం పిండిలోనే తేలిపోతుంది. ప్యాకెట్లలో నెలల తరబడి నిలవ ఉన్న జొన్నపిండితో రొట్టె చేసి, అంచులు పగిలి, చేదెక్కితే జొన్నరొట్టె తమకు నచ్చలేదని చాలామంది వదిలేస్తారు. జొన్నలో సహజంగా ఉన్న నూనె పిండి పట్టించిన కొద్ది వారాలకే కనరు పడుతుంది, కాబట్టి గింజలు కొని పదిహేను రోజులకు సరిపడా మాత్రమే గిర్నీలో పట్టించుకోవాలి. గోధుమలో ఉండే జిగురు జొన్నలో లేదు. అందుకే సలసల కాగిన నీళ్లు పోసి కలిపితే పిండి కొంత ఉడికి అంటుకునే గుణం వస్తుంది. తర్వాత అరచేతి కింది భాగంతో గట్టిగా రుద్ది, పీట మీద పొడిపిండి చల్లి, చేత్తో చప్పచప్ప కొడుతూ తిప్పుతూ పలచన చేయాలి. పెనం మీద వేసిన వెంటనే పైభాగానికి తడిచెయ్యి రాయడం మరిచిపోతే రొట్టె పగుళ్లుబారుతుంది. నాకు గుండ్రటి రొట్టె రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ భారత పటం నుంచి మొదలుపెట్టి అన్ని పటాలూ వచ్చాయి, మా పిల్లలు వాటిని పుంటికూర పప్పుతో ఇష్టంగానే తిన్నారు. చేయడానికి ఓపిక లేని రోజుల్లో మహబూబ్‌నగర్‌లో సాయంత్రం పూట రోడ్డు పక్కన కట్టెల పొయ్యి పెట్టుకొని కూర్చునే అక్కల దగ్గర కొనుక్కోవడం ఉత్తమం. ఆ చేతుల వేగం, ఆ పొయ్యి సెగ మన గ్యాసు మీద రావు. ఏ పెద్ద హోటలులో పళ్లెంలో పెట్టి తెచ్చిన రొట్టె కంటే, ఆ పెనం మీద నుంచి నేరుగా చేతిలోకి వచ్చిన రొట్టెను, ఎల్లిపాయ కారంతో, పక్కన కొరికిన ఉల్లిగడ్డతో నేను మెచ్చుకుంటాను.

రొట్టెలోకి పప్పు వండేటప్పుడు తాండూరు కందిపప్పు వాడితే తేడా తెలుస్తుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట అది. ఒకటి రెండు రూపాయలు ఎక్కువైనా సంతోషంగా కొనవచ్చు.    

ఇక గొంగడి. దీని దగ్గరే నేను అన్నిటికంటే ఎక్కువకాలం అనుమానంతో ఉన్నాను, ఎందుకంటే చిన్నప్పుడు మా తాత కప్పుకున్న గొంగడి నా మెడకు తగిలి గుచ్చుకున్న జ్ఞాపకం ఒకటి పోలేదు. దేవరకద్ర వైపు ఒక పల్లెలో కురుమల ఇంటికి వెళ్లి, మగ్గం గుంట పక్కన కూర్చొని పని చూశాకే కొనాలనిపించింది. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని కత్తిరించి, ఏకి, ఆడవాళ్లు వడికిన నూలుకు చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టి, గుంటమగ్గం మీద నేస్తారు. ఆ నలుపు రంగు వేసింది కాదు, గొర్రెది. నేను మూడు వేల రెండు వందలు ఇచ్చాను. అంత పని చూశాక బేరం ఆడడానికి మనసు ఒప్పలేదు. డబ్బు లెక్కపెడుతూ ఆ నేతకారుడు, "అక్కా, మొదటి ఏడు గుచ్చుకుంటది, రెండో ఏటి సంది నీ మాట ఇంటది" అన్నాడు. అక్షరాలా అలాగే జరిగింది. గంజి వదిలి, పోగులు మెత్తబడి, రెండో చలికాలానికి అది వేరే గుడ్డలా మారింది.

దాని అసలు గొప్పదనం తడిలో తెలుస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొని కూడా ఒంటికి తడి తగలనివ్వదు. అందుకే కాపరులు ముసురులో దాన్నే నెత్తిమీద నుంచి వేసుకొని మందల వెంట తిరుగుతారు. పోయిన డిసెంబరులో పొలం దగ్గర రాత్రి కావలి ఉన్నప్పుడు మా తమ్ముడు మంచుకు తడిసిన గొంగడిలోనే తెల్లవారేదాకా వెచ్చగా పడుకున్నాడు, పక్కన సింథటిక్ రగ్గు కప్పుకున్నవాడు మూడు గంటలకే లేచి మంట వేసుకున్నాడు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరకూడదని సామెత ఉండనే ఉంది, కాబట్టి వెంట్రుకలు రాలుతున్నాయని ఫిర్యాదు చేయను. కాని ఎలర్జీ ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇళ్లవాళ్లు లోపల నూలు దుప్పటి కప్పుకొని పైన దీన్ని వేసుకోవాలి. వాషింగ్ మిషనులో వేస్తే ముడుచుకుపోతుంది. చన్నీళ్లలో ముంచి, పిండకుండా నీడలో ఆరేయాలి. వేసవిలో పురుగు పట్టకుండా ఒకసారి ఎండ చూపించి, ఎండిన వేపాకు మడతల్లో పెట్టి ట్రంకు పెట్టెలో దాచాలి.

మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి రావడంతో నల్ల ఉన్ని దొరకడం ఏటేటా కష్టమవుతోందని ఆ ఇంటివాళ్లు చెప్పారు. మా తమ్ముడు తనకూ ఒకటి కావాలని పట్టుబడితే ఆ నేతకారుడికి ఫోను చేశాను. ఉన్నదంతా అమ్ముడుపోయిందని, ఈసారి గొర్రెలకు ఉన్ని కత్తిరించాక నేసి దసరా తర్వాత ఇస్తానని అన్నాడు. బయానా పంపించాను.