ఎగుమతి మొదలయ్యాక మా పచ్చళ్ల దుకాణం

విజయవాడలో మేము ఇరవై ఏళ్లుగా పచ్చళ్లు కొంటున్న చిన్న దుకాణం మూడేళ్ల క్రితం అమెరికాకు ఎగుమతి ప్రారంభించింది. చెప్పవలసిన ఫిర్యాదులు కూడా ఉన్నందున దాని పేరు రాయడం లేదు. ఈ వేసవిలో కొన్న ఆవకాయ నిస్సందేహంగా బాగుంది: ముక్క మెత్తబడలేదు, టెంక ఊడలేదు, ఆవ ఘాటు సరిగ్గా ముక్కుకెక్కింది. గోంగూరలో ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది. అయితే ఒక్కో ఏడు ఒక్కో తీరుగా ఉండే ఆ ఆవకాయ వరుసగా మూడేళ్లు ఒకే రుచితో రావడం నాకు వింతగా తోచి, వెనుక గదిలోకి తొంగి చూశాను.

అక్కడ పచ్చడి కలిపే పెద్దావిడ పూర్వం కారం తవ్వతోనూ, ఉప్పు దోసిలితోనూ కొలిచేవారు. మూడో రోజున ఊట నాలుకకు రాసుకుని, చాలనిది ఏదో చెప్పి తిరగకలిపేవారు. ఇప్పుడు ఆవిడ పక్కన త్రాసు, రిజిస్టరు, పులుపును కొలిచే పిహెచ్ మీటరు ఉన్నాయి; పులుపు పెరిగేకొద్దీ పిహెచ్ అంకె తగ్గుతుంది. పులుపు కలిపి నిల్వచేసే పదార్థాలకు అమెరికా నియమాలు గీసిన గీత పిహెచ్ 4.6, మామిడి పులుపు పుణ్యమా అని ఆవకాయ ఎప్పుడూ ఆ గీతకు దిగువనే ఉంటుంది గానీ, ఉన్నదని కాగితం మీద చూపించాలి. తయారీ స్థలాన్ని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ వద్ద నమోదు చేయించి, రెండేళ్లకోసారి ఆ నమోదును పునరుద్ధరించుకోవాలి. 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా అలర్జీ కారకాలలో చేర్చినందున సీసా మీద ఆ మాట రాయాలి; యూరప్‌కు పంపదలిస్తే ఆవాలకూ అదే నియమం. ఆవపిండి, పప్పునూనె (నువ్వుల నూనె) రెండింటికీ హెచ్చరిక పెట్టాక ఆవకాయలో నిశ్చింతగా మిగిలేది మామిడికాయ ఒక్కటే.

ఈ కాగితాలన్నీ చూసేది, మునుపు గల్లాపెట్టె దగ్గర లెక్కలు రాసుకున్న యజమాని కోడలు. ఏ బుట్ట కాయలు వెనక్కి పంపాలో నేడు నిర్ణయించేది ఆమే. నేనున్నప్పుడే పెద్దావిడ చేతిలో ఉప్పు పట్టుకుని, “అమ్మాయీ, ఇవాళ ఎంత రాసి ఉంది?” అని అడిగారు. నలభై ఏళ్లుగా ఆ ప్రశ్న ఆవిడను అందరూ అడిగేవారు.

మాకు కలిగిన లాభం లేకపోలేదు. ఒక సీసా నూనె కారితే, బ్యాచ్ నంబరు అడిగి మర్నాడే వేరే సీసా ఇచ్చారు. పూర్వమైతే నూనె ధారాళంగా పోశామని నవ్వేసేవారు. నష్టమల్లా మా ఇంటికి ప్రత్యేకంగా చేసిచ్చే వెల్లుల్లి లేని ఆవకాయ. “బ్యాచ్ మారిపోతుందండీ” అని, ఐదు కిలోలకు తక్కువైతే కుదరదని చెప్పేశారు. పైగా సీజనులో ఎగుమతి సరుకు కదిలేదాకా స్థానిక ఆర్డర్లు ఆగుతున్నాయి. మాది మూడు వారాలు ఆగింది. రుచి కోసం నిరభ్యంతరంగా వెళ్లవచ్చు గానీ, వెల్లుల్లి లేనిది కావలసినవారు ఐదు కిలోలకు తక్కువైతే అడగడం వృథా.