విండోస్ డిఫెండర్ సరిపోతుందా, డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా?

ఇంట్లో వాడే విండోస్ కంప్యూటర్‌కైతే నా ఓటు డిఫెండర్‌కే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి అది పూర్తి యాంటీవైరస్‌గా సిస్టంతోనే వస్తోంది, ఏటా రెన్యువల్ గోల లేదు, అప్‌డేట్లు వాటంతటవే పడిపోతాయి. ఇంకోటి కొని వేస్తే డిఫెండర్ తనే పక్కకు తప్పుకుంటుంది, కాబట్టి రెండూ ఉంటే డబుల్ సేఫ్టీ అనుకోకండి.

మా పాత ల్యాప్‌టాప్‌లో ఒకటి కొని వేశాం (పేరెందుకులెండి). గడువుకు నెల ముందు నుంచే కుడివైపు కింద మూలన ఎర్ర డబ్బా, మూస్తే మళ్లీ వచ్చేది, నాన్నగారేమో నిజంగానే వైరస్ వచ్చిందని టెన్షన్ పడి నాకు ఫోన్ చేసేవారు.

అలాగని కొన్నవన్నీ దండగ అనను. ఒకే లైసెన్స్‌తో ఇంట్లో ఫోన్లకీ కావాలి, వీపీఎన్ (నెట్ వాడకాన్ని గోప్యంగా ఉంచే సర్వీసు) కావాలి, ఏదైనా అయితే ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి కావాలి అంటే కొనుక్కోండి.

డిఫెండర్‌లో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) నుంచి ఫోల్డర్లను కాపాడే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఉంది కానీ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి మీరే ఆన్ చేయాలి. నేను ఆన్ చేశాక ఓ పాత గేమ్ సేవ్ అవడం మానేసింది, దాన్ని అనుమతించే యాప్‌ల జాబితాలో చేర్చాకే దారికొచ్చింది.