ఫీవర్ పిచ్: ఆట పిచ్చి ఉన్న ఇంట్లో ఏళ్లుగా ఆడుతున్న సినిమా

ఆటల పిచ్చి ఉన్నవాళ్లతో కాపురం చేసేవాళ్లు చూడదగ్గ రొమాంటిక్ కామెడీ ఏదైనా ఉందా అని ఎవరు అడిగినా, నేను చెప్పే పేరు 2005లో వచ్చిన ఫీవర్ పిచ్. డ్రూ బారీమోర్, జిమ్మీ ఫాలన్ నటించారు, ఫారెల్లీ సోదరులు తీశారు. మా ఆయనకు క్రికెట్ ప్రాణం. నాకు ఎవరు గెలిచారో తెలిస్తే చాలు. ఇద్దరం మొదటి నుంచి చివరి దాకా కలిసి కూర్చుని చూసే సినిమాలు తక్కువ. ఏళ్లు గడుస్తున్నా ఇది మాత్రం ఆ జాబితాలోంచి పోలేదు.

బెన్ బోస్టన్‌లో లెక్కల మాస్టారు. లిండ్సీ ప్రమోషన్ కోసం రాత్రింబగళ్లు ఆఫీసు పనిలో మునిగి ఉండే అమ్మాయి. మొదటిసారి బయటికి తీసుకెళ్దామని అతను వచ్చేసరికి, తిన్నది పడక ఆమె వాంతులతో లేవలేని స్థితిలో ఉంటుంది. బెన్ వెళ్లిపోడు. బాత్రూం కడిగి, చివరికి ఆమె కుక్కకు పళ్లు కూడా తోముతాడు. ఇంత మంచివాడు ఇన్నాళ్లూ ఒంటరిగా ఎందుకున్నాడని ఆమె స్నేహితురాళ్లకు అనుమానం వస్తుంది. చలికాలం అయిపోగానే జవాబు దొరుకుతుంది. బెన్‌కు రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టంటే పిచ్చి. చిన్నప్పుడు మైదానానికి తీసుకెళ్లి ఆ పిచ్చి అంటించిన కార్ల్ మావయ్య, పోతూ పోతూ ఆ జట్టు సొంత మైదానం ఫెన్‌వే పార్క్‌లో సీజన్ టికెట్లు అతనికి రాసిచ్చి పోయాడు.

ఇది ఐపీఎల్‌లా రెండు నెలల్లో తేలిపోయే వ్యవహారం కాదు. బేస్‌బాల్ సీజన్‌లో ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో 81 సొంత మైదానంలోనే. అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా బెన్‌కు ఖాళీ సాయంత్రాలు లేనట్టే. లిండ్సీ పారిస్ వెళ్దామంటే అతను తేదీలు లెక్కపెట్టుకుంటాడు. ఆ చోట మా ఆయన మొహం చూడాలనిపిస్తుంది నాకు.

ఆ జట్టు బాధ ఏమిటో తెలిస్తే సినిమా ఇంకా బాగా ఎక్కుతుంది. రెడ్ సాక్స్ 1918లో ఛాంపియన్లయ్యారు. 1919 సీజన్ ముగిశాక బేబ్ రూత్ అనే మహా ఆటగాణ్ని న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేశారు. ఆ తర్వాత దశాబ్దాలు గడిచినా కప్పు రాలేదు. అదొక శాపమని అభిమానులు నిజంగానే చెప్పుకునేవారు. 1986లో అంతా చేతికొచ్చినట్టే అనుకున్న మ్యాచ్‌లో రెడ్ సాక్స్ ఆటగాడు బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి బంతి జారిపోయింది. లిండ్సీ దూరమయ్యాక బెన్ ఆ టేపునే మళ్లీ మళ్లీ వేసుకుని చూస్తాడు. ఓటమికి అలవాటుపడ్డ అభిమాని ఎలా ఉంటాడో చూపించడానికి ఆ ఒక్క సీను చాలు.

సినిమాకు ప్రాణం మాత్రం యాంకీస్ మ్యాచ్ రాత్రి. లిండ్సీ కోసం బెన్ ఆ మ్యాచ్ వదులుకుని ఆమెతో పార్టీకి వెళ్తాడు. ఇద్దరూ హాయిగా గడుపుతారు. ఇంత మంచి రాత్రి తన జీవితంలోనే లేదని బెన్ మనస్ఫూర్తిగా అంటాడు. ఇంతలో స్నేహితుడి ఫోన్. ఏడు పరుగులు వెనకబడ్డ జట్టు చివరి ఇన్నింగ్స్‌లో ఎనిమిది కొట్టి గెలిచిందట. అంతే, బెన్ మొహం మాడిపోతుంది. కోపమంతా పక్కనున్న మనిషి మీదే చూపిస్తాడు. నిమిషం క్రితం తను అన్న మాట తనకే గుర్తుండదు. ఆట చూడడం తప్పని సినిమా ఎక్కడా అనదు. కలిసి గడిపిన సంతోషాన్ని ఆట కోసం వెనక్కి లాక్కోవడం ఎంత నొప్పి పెడుతుందో లిండ్సీ మొహంలో చూపిస్తుంది. బారీమోర్ ఆ సీనులో ఎక్కువ మాట్లాడదు, మాట్లాడాల్సిన అవసరమూ లేదు. మొదట్లో నేను పూర్తిగా లిండ్సీ పక్షం. చూడగా చూడగా ఆమె కూడా ల్యాప్‌టాప్ వదలని మనిషేనని గమనించాను. స్టేడియంలో కూర్చుని కూడా ఆఫీసు పని చేసుకుంటుంటే బంతి వచ్చి తలకు తగిలి పడిపోతుంది. ఆమె పడిపోయిన సంగతి ఆ ఉత్సాహంలో బెన్ చూసుకోడు. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పని ఆ సీను వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో వాదన జరుగుతుంది.

నాకు బాగా నచ్చే ఇంకో చిన్న సీను రెస్టారెంటులోది. జట్టు ఓడిందని బెన్ కుమిలిపోతుంటే, అదే జట్టు ఆటగాళ్లు అక్కడ ప్రశాంతంగా భోంచేస్తూ కనిపిస్తారు. వాళ్లకది ఉద్యోగం. ఆడారు, ఓడారు, అన్నం తింటున్నారు. నువ్వు జట్టును ఇంతగా ప్రేమిస్తావు కదా, అది నిన్ను ఎప్పుడైనా తిరిగి ప్రేమించిందా అని అతని దగ్గర చదువుకునే కుర్రాడు ఒకసారి అడుగుతాడు. ఆ ప్రశ్న పక్కన ఈ సీను పెట్టి చూడండి.

నచ్చనివీ ఉన్నాయి. లిండ్సీ స్నేహితురాళ్లకు ఆమెకు సలహాలివ్వడం తప్ప వేరే పని లేదు. ఫాలన్ నవ్వించినంత బాగా కోపం చూపించలేడు. చివర్లో మ్యాచ్ జరుగుతుండగా లిండ్సీ మైదానం మీదుగా పరుగెత్తుకు రావడం మన సినిమాల్లో ఎయిర్‌పోర్టు సీనంత అతిగా ఉంటుంది.

ఆ అతి పక్కనే ఉన్న అసలు చరిత్ర ఇంకా నమ్మశక్యం కాదు. షూటింగ్ జరిగింది 2004 సీజన్‌లో. రెడ్ సాక్స్ ఓడిపోతారన్న లెక్కతోనే స్క్రిప్టు రాసుకున్నారు. ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్లదే సిరీస్ అనే లెక్కన యాంకీస్‌తో ఆడితే మొదటి మూడు మ్యాచ్‌లూ పోయాయి, మూడోది సొంత మైదానంలో 19-8 స్కోరుతో. నాలుగోది కూడా పోతున్న దశలో డేవ్ రాబర్ట్స్ రెండో బేస్ దొంగిలించాడు, అంటే బౌలర్ బంతి వేస్తుండగానే పరుగెత్తి ముందు బేస్ చేరుకున్నాడు. స్కోరు సమమైంది, ఆట మామూలు తొమ్మిది ఇన్నింగ్స్ దాటింది, పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టి గెలిపించాడు. 0-3 నుంచి లేచి సిరీస్ గెలవడం మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అంతకు ముందెన్నడూ జరగలేదు. ఆ తర్వాత సెయింట్ లూయీ కార్డినల్స్‌ను 4-0తో ఓడించి, 86 ఏళ్ల తర్వాత కప్పు కొట్టారు. ఫారెల్లీ సోదరులు ముగింపు మార్చేశారు. అక్టోబర్ 27 రాత్రి గెలుపు సంబరాల మధ్యే నిజం మైదానంలో హీరో హీరోయిన్లను దింపి తీశారు. అందుకే ఆ చివరి నిమిషాలు ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది.

బేస్‌బాల్ రూల్స్ తెలియాల్సిన పనిలేదు, నాకిప్పటికీ సగమే తెలుసు. పడగ్గది జోకులు కొన్ని ఉన్నాయి కాబట్టి చిన్నపిల్లలతో చూడకండి. వెతికేటప్పుడు ఒక జాగ్రత్త: ఇదే పేరుతో 1997లో కోలిన్ ఫిర్త్ నటించిన బ్రిటిష్ సినిమా ఉంది. రెండింటికీ మూలం ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు మీద నిక్ హార్న్‌బీ రాసిన పుస్తకమే. అమెరికన్ సినిమా బ్రిటన్‌లో ది పర్ఫెక్ట్ క్యాచ్ అనే పేరుతో విడుదలైంది. ముందు 2005 నాటిది చూడండి. అది నచ్చితే పాతదీ చూడొచ్చు.