స్టంట్ బండిగా కేటీఎం 200 డ్యూక్: కొన్నేళ్ల వాడకం తర్వాత

2012లో మన మార్కెట్‌లోకి వచ్చిన కేటీఎం 200 డ్యూక్‌ను నేను కొన్నేళ్లుగా కేవలం స్టంట్ల సాధనకే, అది కూడా ప్రహరీ ఉన్న ప్రైవేటు స్థలంలోనే వాడుతున్నాను. 199.5 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజన్, గట్టి ట్రెల్లిస్ ఫ్రేమ్ ఉన్న ఈ బండికి వెనక పెద్ద స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్ల చక్రం) వేయించి, పడినా దెబ్బ తగలకుండా క్రాష్ కేజ్ బిగించి, వెనక బ్రేకుకు ఎడమ చేతి దగ్గర మరో లివర్ పెట్టించాను. మొదటి గేరులో క్లచ్ వదిలితే చాలు, ముందు చక్రం అవలీలగా లేస్తుంది. కింద రాసిన అరుగుదలంతా నేను చేయించే పని వల్ల వచ్చిందే గాని బండి తయారీలోని లోపం కాదు.

కొత్తగా వచ్చే కుర్రాళ్లు టైర్ల ఖర్చు గురించే అడుగుతారు. టైరు అరిగితే కంటికి కనిపిస్తుంది, మార్చుకుంటాం. నా దృష్టిలో అసలు ప్రమాదం ఆయిల్‌తోనే. వీలీలో, అంటే ముందు చక్రాన్ని గాల్లో ఉంచి నడిపేటప్పుడు, బండి నిటారుగా లేస్తే సంప్‌లోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోటు) ఆయిల్ వెనక్కి చేరుతుంది. పంపు ఆయిల్‌కు బదులు గాలిని పీల్చడం మొదలుపెడితే ఇంజన్ లోపల తిరిగే క్రాంక్ బేరింగుకూ క్యామ్‌కూ ఆయిల్ అందదు. అందుకని కొందరు లెవెల్‌కు మించి పోస్తారు గాని, అది మితిమీరితే ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం గుండా, గాలి ఫిల్టర్ ఉండే ఎయిర్‌బాక్సులోకి చేరి ఫిల్టర్‌ను తడిపేస్తుంది. పైగా ఈ బండిలో క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్‌లోనే తిరుగుతుంది కాబట్టి, కాలిన ప్లేట్ల పొడి అంతా అదే ఆయిల్‌లో కలుస్తుంది. కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగకుండా చాలా ముందే ఆయిల్ మార్చడం నాకు అలవాటైంది.

క్లచ్ కవర్ విప్పి చూస్తే స్టీలు ప్లేట్ల మీద వేడికి కాలిన నీలం మచ్చలు కనిపిస్తాయి. ప్లేట్లు కొత్తవి వేసినా క్లచ్ జర్కులు కొడుతుంటే, ప్లేట్లను పట్టి ఉంచే బాస్కెట్ వేళ్లకు పడిన గాట్లను వేలితో తడిమి చూడాలి. ప్లేట్లు ఆ గాట్లలో ఇరుక్కుంటాయి. చైను ఒకచోట బిగుతుగా, మరోచోట వదులుగా సాగుతుంది, వెనక హబ్‌లోని కప్లింగ్ రబ్బర్లు నలిగిపోతాయి.

వీలీ నుంచి దిగేటప్పుడు యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే దెబ్బంతా ఫోర్కు సీళ్ల మీద, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) మీద పడుతుంది. వెనక బ్రేకుతో నెమ్మదిగా దింపడం నేర్చుకున్నవారి బండి ఎక్కువ కాలం నిలుస్తుంది. స్టాపీలు (ముందు బ్రేకు పట్టి వెనక చక్రాన్ని లేపడం) వరుసగా చేస్తే బ్రేక్ ఫ్లూయిడ్ కాగి లివర్ మెత్తబడుతుంది, అప్పుడు ఆపేయడం తప్ప మార్గం లేదు. బర్నవుట్లు (బండిని కదలనివ్వకుండా వెనక టైరును తిప్పి పొగ లేపడం) నేను పూర్తిగా మానేశాను, ఎందుకంటే నిలబెట్టిన బండిలో రేడియేటర్‌కు ఫ్యాను గాలి తప్ప మరొకటి అందదు.

స్టంట్లకు ఈ బండిని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను, కానీ రోడ్డు ప్రయాణానికి మరొకటి ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ముందు చక్రాన్ని గాల్లోకి లేపి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పి చూడండి: సరిగ్గా నడుమ పట్టేసినట్టు ఆగితే కోన్‌సెట్ దెబ్బతిన్నట్టే, అటువంటి బండి ఫోర్కులను, రిమ్ములను కూడా విప్పించి చూశాకే బేరానికి దిగండి.