నీళ్ల పరీక్ష సీసా: ఒకటి కాదు, నాలుగు కొనండి

తాగే నీళ్లలో మలం తాలూకు బ్యాక్టీరియా ఉందేమో ఇంట్లోనే చూసుకునే సీసా ఇది. 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి. గీత దాకా, అంటే దాదాపు 20 మి.లీ., నీళ్లు పోసి మూత బిగించి 24 నుంచి 48 గంటలు కదపకుండా ఉంచాలి. పేగుల్లో బతికే బ్యాక్టీరియా ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి, సీసాలో ముందే ఉన్న మందులోని ఇనుముతో కలిసి నీళ్లు నల్లబడతాయి. కరెంటూ అక్కర్లేదు, ల్యాబూ అక్కర్లేదు.

ఒక్కటే కొంటే మాత్రం దండగ. నల్లా, సంపు, పై ట్యాంకు, బిందె: నాలుగు చోట్లా ఒకే రోజు పట్టాలి. నల్లా సీసా నల్లబడకుండా ఉండి సంపుది నల్లబడిందా, తప్పు ఇంట్లోనే. హైదరాబాద్ చిన్న ప్లాట్లలో సంపు పక్కనే డ్రైనేజీ చాంబర్ కనిపించడం మామూలే. సంపు గోడ పగిలినా, మూత నేల మట్టానికే ఉన్నా వాకిలి కడిగిన నీళ్లతో సహా అన్నీ అందులోకే.

నల్లాదే నల్లబడితే తప్పు వీధి పైపుది. నీళ్లు వదలని వేళల్లో పైపు ఖాళీ, లీకైన జాయింట్ పక్కన మురుగు నిలిస్తే లోపలికి లాగేస్తుంది. నల్లాకే నేరుగా మోటార్ బిగించినవాళ్లు ఆ లాగుడును ఇంకా పెంచుతారు, అదీ వీధందరికీ. 2009లో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో కలరా వచ్చింది కలుషితమైన నల్లా నీళ్లతోనే. బిందెది ఒక్కటే నల్లబడితే ముంచే చెంబును, చేతిని చూసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. తాగే నీళ్లకు భారత ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 100 మి.లీ.లో ఈ-కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) ఒక్కటీ ఉండకూడదు. సీసా చూసేది అందులో ఐదో వంతే. కాబట్టి నల్లబడలేదంటే నీళ్లు మంచివని రాసిచ్చినట్టు కాదు. ఫ్లోరైడ్, నైట్రేట్ సంగతి దీనికి తెలియదు. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే బోరు నీళ్లు నిమిషాల్లో నల్లబడితే అది నీళ్లలోనే ఉన్న సల్ఫైడ్ కావచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. డిసెంబర్, జనవరి చలికి రంగు ఆలస్యంగా మారుతుంది. తువ్వాలు చుట్టి వెచ్చని చోట పెట్టి 48 గంటలూ ఆగాలి.

మూత లోపలి వైపు, సీసా అంచు వేలికి తగలకూడదు. తగిలితే మన చేతి మురికే పరీక్షకు వెళుతుంది. నల్లబడిన సీసాలో బ్లీచింగ్ పౌడర్ వేసి అరగంట ఉంచి, బాత్‌రూమ్ కమోడ్‌లో పారబోయండి, వంటింటి సింకులో కాదు.